ఏ-లీగ్ 2023–24: గాస్‌ఫర్డ్ జట్టు మూడు కప్పులు గెలిచిన సీజన్ – తరచుగా అడిగే ప్రశ్నలు

ఆస్ట్రేలియా అనగానే మనవాళ్లకు క్రికెట్ గుర్తొస్తుంది. అక్కడి ఫుట్‌బాల్ లీగ్ గురించి తెలుగులో చదవడానికి పెద్దగా ఏమీ దొరకదు. ఆ దేశంలో ఉంటున్న మనవాళ్లు, ఇక్కడ ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్ ఫుట్‌బాల్) చూసే కుర్రాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట పెట్టాను. అన్నీ పురుషుల లీగ్ 2023–24 సీజన్ గురించే.

ఇన్ని సీజన్లు ఉండగా ఇదే ఎందుకు?

లీగ్‌లో డబ్బు తక్కువున్న జట్లలో ఒకటైన సెంట్రల్ కోస్ట్ మారినర్స్ ఆ ఏడాది పాయింట్ల పట్టికలో మొదటి స్థానం, ఛాంపియన్‌షిప్, ఆసియా స్థాయి కప్పు, ఈ మూడూ గెలిచింది. ఒకే సీజన్‌లో ఈ మూడింటినీ ఏ ఆస్ట్రేలియా జట్టూ అంతకుముందు గెలవలేదు. పైగా ఆ సీజన్‌లో ఆ జట్టు మొదటి నాలుగు మ్యాచ్‌లూ వరసగా ఓడిపోయింది.

నాకు అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. ఫైనల్ వాళ్ల సొంత ఊరు గాస్‌ఫర్డ్‌లోనే జరిగింది. ఏడాది ముందున్న ఒప్పందమే కొనసాగి ఉంటే అది జరిగేదే కాదు. ఆ సంగతి కింద వివరంగా రాశాను.

ఏ-లీగ్‌లో ఎన్ని జట్లు? ఎప్పుడు మొదలైంది?

2005లో మొదలైంది. అంతకుముందు 1977 నుంచి 2004 వరకు నేషనల్ సాకర్ లీగ్ అని ఒకటి ఉండేది. వలస వచ్చిన గ్రీకులు, ఇటాలియన్లు, క్రొయేషియన్లు పెట్టుకున్న క్లబ్బులే అందులో ప్రధానం. అది అప్పుల్లో కూరుకుపోయి మూతపడ్డాక, ఊళ్ల పేర్లతో కొత్త జట్లను పెట్టి ఏ-లీగ్‌ను నిలబెట్టారు.

2023–24లో 12 జట్లు ఆడాయి. సిడ్నీ నగరం, దాని శివార్ల నుంచి మూడు (సిడ్నీ ఎఫ్‌సీ, వెస్టర్న్ సిడ్నీ వాండరర్స్, మకార్తర్), మెల్‌బోర్న్ వైపు నుంచి మూడు (విక్టరీ, సిటీ, వెస్టర్న్ యునైటెడ్), ఇంకా అడిలైడ్, బ్రిస్బేన్, పెర్త్, న్యూకాజిల్, సెంట్రల్ కోస్ట్. పన్నెండోది వెల్లింగ్టన్ ఫీనిక్స్, అది న్యూజిలాండ్ జట్టు. ఒక్కో జట్టు 27 మ్యాచ్‌లు ఆడింది. సీజన్ అక్టోబరులో మొదలై మే దాకా సాగుతుంది, అంటే అక్కడి ఎండాకాలం మొత్తం. చలికాలం వచ్చిందంటే ఆస్ట్రేలియన్ రూల్స్ (చేతులతోనూ ఆడే అక్కడి సొంత ఫుట్‌బాల్), రగ్బీ లీగ్‌ల ముందు ఈ ఆటకు మైదానాలూ దొరకవు, టీవీలో చోటూ దొరకదు.

అక్కడివాళ్లు సాకర్ అంటారా, ఫుట్‌బాల్ అంటారా?

రెండూ అంటారు. మెల్‌బోర్న్‌లో ఉత్త "ఫుటీ" అంటే మాత్రం ఆస్ట్రేలియన్ రూల్స్ ఆట. ఆఫీసులో "ఫుటీ చూస్తావా?" అని ఎవరైనా అడిగితే మెస్సీ గురించి మొదలుపెట్టకండి.

పట్టికలో మొదటి స్థానం ఒకరిది, ఛాంపియన్ ఇంకొకరా?

అవ్వచ్చు. మన ఐఎస్‌ఎల్ చూసేవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఆ రోజుల్లో అక్కడ లీగ్ షీల్డ్ వేరు, కప్పు వేరుగా ఉండేవి కదా, ఇదీ అంతే. లీగ్ మ్యాచ్‌లన్నీ అయ్యాక పైన ఉన్న జట్టుకు ప్రీమియర్స్ ప్లేట్ ఇస్తారు. తర్వాత మొదటి ఆరు జట్లతో ఫైనల్స్ ఆడిస్తారు. 3, 6 స్థానాల జట్లు, 4, 5 స్థానాల జట్లు ఒక్కో నాకౌట్ మ్యాచ్ ఆడతాయి. గెలిచినవాళ్లు మొదటి రెండు జట్లతో సొంతూళ్లో ఒకటి, అవతలి ఊళ్లో ఒకటి చొప్పున సెమీఫైనల్ ఆడతారు. ఆఖరిది గ్రాండ్ ఫైనల్. ఛాంపియన్ అనే మాట గ్రాండ్ ఫైనల్ గెలిచినవాళ్లకే.

ఐపీఎల్‌లో పట్టికలో పైన నిలిచిన జట్టును నెల తిరక్కుండానే మర్చిపోతాం. ఇక్కడ అలా కాదు, ప్లేట్‌కు చాలా గౌరవం ఉంది. ఆరు నెలల కష్టానికి దక్కే ఫలితం అదేనని నా నమ్మకం కూడా.

అసలు ఈ మారినర్స్ ఎవరు?

సిడ్నీకి ఉత్తరాన సుమారు 75 కిలోమీటర్ల దూరంలో గాస్‌ఫర్డ్ అనే ఊరుంది. ఆ ఊరు, చుట్టుపక్కల సముద్రతీరపు ఊళ్లు కలిపి సెంట్రల్ కోస్ట్. అంతా కలిపినా జనాభా దాదాపు మూడున్నర లక్షలు, ఇంచుమించు మన కాకినాడ నగరమంత. సిడ్నీకీ న్యూకాజిల్‌కీ మధ్య ఇరుక్కున్న ఆ ప్రాంతం నుంచి దేశస్థాయి లీగ్‌లో ఆడే పురుషుల జట్టు ఇదొక్కటే.

లీగ్ పుట్టినప్పటి నుంచీ ఉన్నారు. 2006, 2008, 2011 గ్రాండ్ ఫైనల్స్ ఓడి, చివరకు 2013లో గెలిచారు. తర్వాత పూర్తిగా పడిపోయారు. 2015–16, 2017–18, 2018–19, 2019–20 సీజన్లలో అట్టడుగున నిలిచారు. చివరి స్థానాన్ని అక్కడ "వుడెన్ స్పూన్" అంటారు, చెక్క గరిటె. ఐదేళ్లలో నాలుగు చెక్క గరిటెలు! 2018లో పరుగుల వీరుడు ఉసేన్ బోల్ట్ ఈ జట్టులోనే ట్రయల్స్‌కు వచ్చాడు, ఒక ఫ్రెండ్లీ మ్యాచ్‌లో రెండు గోల్స్ కూడా కొట్టాడు. అప్పట్లో ప్రపంచానికి మారినర్స్ పేరు తెలిసింది ఆ వార్తతోనే.

ఆ జట్టును నిలబెట్టింది అకాడమీ కుర్రాళ్లు. పెద్ద పేర్లను కొనే డబ్బు లేదు కాబట్టి పద్దెనిమిదేళ్ల పిల్లలను దించడం, ఆడించడం, అమ్మడం, మళ్లీ కొత్తవాళ్లను దించడం. 2022 ప్రపంచకప్‌లో అర్జెంటీనా మీద ఆడిన గరాంగ్ క్యుయోల్ అలా ఎదిగినవాడే. మారినర్స్ నుంచి ఇంగ్లాండ్‌లోని న్యూకాజిల్ యునైటెడ్‌కు వెళ్లాడు. 2023 గ్రాండ్ ఫైనల్‌లో మెల్‌బోర్న్ సిటీని 6–1తో చితక్కొట్టారు. ఆ రోజు హ్యాట్రిక్ కొట్టిన జేసన్ కమ్మింగ్స్ వెంటనే మోహన్ బగాన్‌కు వచ్చాడు. కోల్‌కతా అభిమానులకు అతన్ని పరిచయం చేయక్కర్లేదు.

ఛాంపియన్ అయిన జట్టు మొదటి నాలుగు మ్యాచ్‌లు ఎందుకు ఓడింది?

గెలిచిన జట్టు విడిపోయింది కాబట్టి. కమ్మింగ్స్ ఇండియాకు వచ్చేశాడు. సామ్ సిల్వెరా మిడిల్స్‌బరోకు, డిఫెండర్ నెక్టార్ ట్రయాంటిస్ సండర్లాండ్‌కు వెళ్లిపోయారు. సీజన్ మొదలవడానికి నెల ముందు, సెప్టెంబరులో, కోచ్ నిక్ మాంట్‌గమరీ కూడా స్కాట్లాండ్‌లోని హైబర్నియన్‌కు వెళ్లాడు. పెళ్లి పందిట్లో పురోహితుడు లేచి వెళ్లిపోయినట్టయింది.

అతని స్థానంలో ఇంగ్లాండ్ నుంచి మార్క్ జాక్సన్ వచ్చాడు. ఎవరు ఎక్కడ బాగా ఆడతారో తెలుసుకునేలోపే నాలుగు ఓటములు. పట్టికలో అడుగుకు చేరారు. మళ్లీ చెక్క గరిటేనని అందరూ అనుకున్నారు.

తర్వాతి 23 మ్యాచ్‌లు చూడండి: 17 గెలుపులు, 4 డ్రాలు, 2 ఓటములు. మొత్తం 55 పాయింట్లు. జాక్సన్ పెద్ద మంత్రమేమీ వేయలేదు. గోల్‌లో ముప్పై తొమ్మిదేళ్ల డానీ వుకోవిచ్, వెనక వనువాటు నుంచి వచ్చిన బ్రయన్ కల్టాక్, పక్కన బ్రెజిల్ ఆటగాడు మికాయెల్ డోకా, మధ్యలో జాష్ నిస్బెట్. ఈ నలుగురినీ పట్టుకుని, మిగతా చోట్ల కుర్రాళ్లను నమ్మాడు.

నిస్బెట్ గురించి ఒక మాట. అతని ఎత్తు 160 సెంటీమీటర్లు. మైదానంలో అందరి భుజాల కింద కనిపిస్తాడు, కానీ బంతి ఎక్కడుంటే అక్కడ ఉంటాడు. ఆ సీజన్ ఉత్తమ ఆటగాడికిచ్చే జానీ వారెన్ మెడల్ అతనికే దక్కింది. పొట్టిగా ఉన్నావని టీమ్‌లోంచి తీసేస్తే బాధపడే మన పిల్లలకు ఇతని ఆట చూపించండి.

గ్రాండ్ ఫైనల్ వేదిక మీద గొడవ జరిగిందంటారు, ఏమిటది?

పైనున్న జట్టు సొంత మైదానంలోనే గ్రాండ్ ఫైనల్ జరగడం ఆ లీగ్ ఆనవాయితీ. 2022 డిసెంబరులో లీగ్ నిర్వాహకులు న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వ పర్యాటక సంస్థతో ఒప్పందం చేసుకుని, వరసగా మూడేళ్లు ఎవరు ఫైనల్‌కు వచ్చినా సిడ్నీలోనే ఆడాలన్నారు. అభిమానులు భగ్గుమన్నారు. పెర్త్‌వాళ్లో వెల్లింగ్టన్‌వాళ్లో ఏడాదంతా కష్టపడి పైకొస్తే, ఫైనల్ చూడ్డానికి విమానం ఎక్కాలా?

అన్ని ఊళ్లలోనూ మ్యాచ్ మధ్యలో లేచి వెళ్లిపోయి నిరసన తెలపాలని అభిమాన సంఘాలు నిర్ణయించాయి. అది న్యాయమైన పద్ధతే. కానీ డిసెంబరు 17న మెల్‌బోర్న్ డెర్బీలో (ఆ నగరపు జట్లు విక్టరీ, సిటీల మధ్య పోటీ) కొందరు మైదానంలోకి దూకారు. ఇనుప బకెట్ తగిలి సిటీ గోల్‌కీపర్ టామ్ గ్లోవర్‌కు ముఖం మీద గాయమైంది, మ్యాచ్ ఆగిపోయింది. లీగ్ చరిత్రలో అదొక చీకటి రాత్రి. కోపం ఎంత న్యాయమైనదైనా ఆటగాడి మీద చెయ్యి పడకూడదు, ఇందులో నాకు రెండో మాట లేదు.

2023 ఫైనల్ ఒప్పందం ప్రకారం సిడ్నీలోని పారమట్టాలోనే జరిగింది. 2023 అక్టోబరులో, సీజన్ మొదలవబోతుండగా, నిర్వాహకులు వెనక్కి తగ్గారు. దాని బదులు జనవరిలో ఒక వారాంతం అన్ని జట్లూ సిడ్నీలో ఆడే "యునైట్ రౌండ్" పెట్టారు. గ్రాండ్ ఫైనల్ మళ్లీ సంపాదించుకున్నవాళ్ల ఊరికే వచ్చింది. ఆ నిర్ణయం వల్ల మొదట లాభపడింది గాస్‌ఫర్డే.

మన ఇండియా జట్టుతో ఆడారని విన్నాను, నిజమేనా?

నిజమే. ఆసియాలో రెండో స్థాయి టోర్నమెంట్ ఏఎఫ్‌సీ కప్. 2023–24తో ఆ పేరుతో అది ఆఖరు. దక్షిణాసియా గ్రూప్‌లో మోహన్ బగాన్‌ను వెనక్కి నెట్టి ఒడిశా ఎఫ్‌సీ ముందుకొచ్చింది. ఆగ్నేయాసియా వైపు నుంచి మారినర్స్, తమ లీగ్ జట్టే అయిన మకార్తర్‌ను ఓడించి వచ్చారు. రెండు జట్లూ 2024 మార్చిలో తలపడ్డాయి. 7న గాస్‌ఫర్డ్‌లో మారినర్స్ 4–0తో గెలిచారు. 14న భువనేశ్వర్ కళింగ స్టేడియంలో 0–0.

ఆ ఒడిశా జట్టులో రాయ్ కృష్ణ ఉన్నాడు. ఫిజీలో పుట్టిన భారత సంతతివాడు. వెల్లింగ్టన్ ఫీనిక్స్‌కు ఏళ్ల తరబడి ఆడి 2018–19లో ఏ-లీగ్ గోల్డెన్ బూట్ (ఎక్కువ గోల్స్ కొట్టినవాడికిచ్చేది), జానీ వారెన్ మెడల్ రెండూ గెలిచాడు. శ్రీకాకుళం, విజయనగరం వైపు వాళ్లకు భువనేశ్వర్ ఒక రాత్రి రైలు ప్రయాణం కూడా కాదు. ఆసియా కప్పు గెలవబోయే జట్టు అంత దగ్గరకొచ్చి ఆడి వెళ్లింది, మన పత్రికల్లో ఆ వార్తకు ఇంకాస్త చోటు దక్కాల్సింది.

తెలుగువాళ్లకు ఈ లీగ్‌తో ఇంకో చుట్టరికం ఉంది. 2022లో ఐఎస్‌ఎల్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీలో ఆడిన జోయెల్ కియనీస్ ఏ-లీగ్ నుంచి వచ్చినవాడే. అదే హైదరాబాద్ జట్టు ఆర్థిక ఇబ్బందుల్లో పడి 2023–24లో ఐఎస్‌ఎల్ చివరి స్థానంలో, 8 పాయింట్లతో మిగిలింది. గచ్చిబౌలిలో ఆ జట్టుకోసం గొంతు చించుకున్నవాళ్లకు గాస్‌ఫర్డ్ కథ కొంచెం ఎక్కువ గుచ్చుకుంటుంది.

మే నెల మొదటి పది రోజుల గురించి అంత గొప్పగా ఎందుకు చెబుతారు?

మే 1న వాయిదా పడ్డ మ్యాచ్‌లో అడిలైడ్‌ను 2–0తో ఓడించి ప్రీమియర్స్ ప్లేట్ ఖాయం చేసుకున్నారు. వెల్లింగ్టన్ 53 పాయింట్లతో వెనకే ఉంది కాబట్టి చివరి మ్యాచ్ దాకా టెన్షన్ తప్పలేదు. వెంటనే విమానమెక్కి ఒమన్ వెళ్లారు. మే 5న మస్కట్‌లో ఏఎఫ్‌సీ కప్ ఫైనల్, ప్రత్యర్థి లెబనాన్ జట్టు అల్ అహెద్. ఎనభై నిమిషాలు దాటినా గోల్ లేదు. 84వ నిమిషంలో సబ్‌స్టిట్యూట్ అలూ క్యుయోల్, పైన చెప్పిన గరాంగ్ అన్న, కొట్టాడు. 1–0.

మళ్లీ విమానం. మే 10న సిడ్నీ ఎఫ్‌సీ మైదానంలో సెమీఫైనల్ మొదటి మ్యాచ్, అక్కడా 2–1తో గెలిచారు. రెండో మ్యాచ్‌ను గాస్‌ఫర్డ్‌లో 0–0గా ఆపి ఫైనల్‌కు చేరారు.

గ్రాండ్ ఫైనల్ ఎలా సాగింది?

మే 25, 2024. సెంట్రల్ కోస్ట్ స్టేడియం సామర్థ్యం ఇరవై వేలు, ఆ రాత్రి వచ్చినవాళ్లు 21,379 మంది. ఆ మైదానానికి మూడు వైపులే గ్యాలరీ. నాలుగో వైపు గోల్ వెనక తాటిచెట్ల లాంటి పామ్ చెట్ల వరస, దాని అవతల నీళ్లు, పడవలు.

ఎదుట మెల్‌బోర్న్ విక్టరీ, కోచ్ టోనీ పొపోవిచ్. రెండో సగం మొదలవగానే 49వ నిమిషంలో జేసన్ గెరియా గోల్ కొట్టాడు. విక్టరీకి కాపాడుకోవడం బాగా తెలుసు. నిమిషాలు కరుగుతున్నాయి. 70, 80, 90. ఇంజురీ టైమ్ బోర్డు ఎత్తారు.

91వ నిమిషంలో ఇంగ్లాండ్ కుర్రాడు రయన్ ఎడ్మండ్‌సన్, సబ్‌స్టిట్యూట్‌గా వచ్చినవాడు, సమం చేశాడు. ఎక్స్‌ట్రా టైమ్ 97వ నిమిషంలో టీనేజర్ మిగెల్ డి పీజియో రెండోది కొట్టాడు. అకాడమీలో పెరిగిన పిల్లాడు, సొంత మైదానంలో జనం ముందు. చివర్లో ఎడ్మండ్‌సన్ మరొకటి. 3–1.

వుకోవిచ్‌కు అదే ఆఖరి మ్యాచ్. 2006లో, 2008లో ఇదే జట్టు గోల్‌లో నిలబడి ఫైనల్స్ ఓడినవాడు. 2008లో ఓటమి కోపంలో రెఫరీ చేతిని కొట్టి సస్పెండ్ అయ్యాడు, ఆ శిక్షతో బీజింగ్ ఒలింపిక్స్ కూడా పోయింది. తర్వాత ఎన్నో క్లబ్బులు తిరిగి సొంత గూటికి చేరి, కెప్టెన్‌గా వరసగా రెండుసార్లు ఛాంపియన్‌షిప్ ఎత్తాడు. ఒక తప్పు మనిషిని ఎంతకాలం వెంటాడుతుందో, ఓపికపడితే ఎంత తిరిగి సంపాదించుకోవచ్చో ఇతన్ని చూస్తే నాకు అర్థమైంది.

వెల్లింగ్టన్ సంగతేమిటి?

ఆ సీజన్‌లో నాకు రెండో ఇష్టమైన జట్టు. అందరూ చివరి స్థానం వాళ్లదే అన్నారు. కొత్త కోచ్ జంకార్లో ఇటాలియానో వాళ్లను రెండో స్థానానికి తెచ్చాడు, ఆ క్లబ్ చరిత్రలో అప్పటికి అదే అత్యుత్తమం. సెమీఫైనల్‌కు వెల్లింగ్టన్ స్టేడియంలో 33 వేలకు పైగా జనం వచ్చారు. ఎక్స్‌ట్రా టైమ్‌లో విక్టరీ 2–1తో గెలిచి ఆ కలను చెరిపేసింది. గోల్‌కీపర్ అలెక్స్ పాల్‌సన్ తర్వాత ఇంగ్లాండ్‌లోని బోర్న్‌మత్ క్లబ్బుకు అమ్ముడయ్యాడు.

ఎక్కువ గోల్స్ ఎవరివి?

పెర్త్ గ్లోరీ స్ట్రైకర్ ఆడమ్ టగార్ట్, 20 గోల్స్. విచిత్రం, అతని జట్టుదే ఆ ఏడాది చివరి స్థానం. అతను లేకపోతే పెర్త్ ఏమయ్యేదో ఊహించలేం. అడిలైడ్ కుర్రాడు నెస్టరీ ఇరంకుండా పేరు కూడా గుర్తుంచుకోండి. టాంజానియాలో శరణార్థి శిబిరంలో పుట్టి, ఆస్ట్రేలియాలో పెరిగి, ఈ సీజన్ అయిపోగానే బయర్న్ మ్యూనిక్‌లో చేరాడు.

చివరి జట్టు కింది లీగ్‌కు పడిపోతుందా?

లేదు. ఆ ఏడాది ఐఎస్‌ఎల్ లాగే.

లీగ్ డబ్బు కష్టాల్లో ఉందంటారు?

ఉంది. 2024 జనవరిలో లీగ్ నిర్వహణ సంస్థ దాదాపు సగం మంది సిబ్బందిని తీసేసింది, భారీగా ఖర్చు పెట్టిన సొంత డిజిటల్ వేదికను మూసేసింది. మే నెలలో ఒక క్లబ్బుకు చెందిన ముగ్గురు ఆటగాళ్లను పోలీసులు అరెస్టు చేశారు. పందేల కోసం కావాలని పసుపు కార్డులు తెచ్చుకున్నారన్నది అభియోగం. ఫైనల్స్ జరుగుతున్న వారాల్లోనే ఆ వార్త వచ్చింది. ఇంత మంచి సీజన్ మీద ఆ నీడ పడటం చాలా బాధనిపించింది.

ఇండియాలో చూడాలంటే ఏ టైమ్?

వేసవిలో సిడ్నీ మనకంటే ఐదున్నర గంటలు ముందు. అక్కడ రాత్రి 7:45కు మొదలైతే మనకు మధ్యాహ్నం 2:15. ఏప్రిల్‌లో అక్కడ గడియారం ఒక గంట వెనక్కి తిప్పుతారు కాబట్టి ఆ తర్వాత అదే మ్యాచ్ మనకు 3:15కు వస్తుంది. భోజనం చేసి కూర్చుంటే సరిపోతుంది, యూరప్ లీగ్‌ల్లాగా అర్ధరాత్రి జాగారం అక్కర్లేదు.

సిడ్నీలో ఉంటున్నాం. గాస్‌ఫర్డ్ వెళ్లి మ్యాచ్ చూడొచ్చా?

తప్పకుండా. సెంట్రల్ స్టేషన్‌లో న్యూకాజిల్ వైపు వెళ్లే రైలెక్కితే గంటన్నర లోపే గాస్‌ఫర్డ్. దారిలో హాక్స్‌బరీ నది మీద వంతెన దాటుతుంది, పిల్లలుంటే కిటికీ పక్క సీటు పట్టుకోండి. స్టేషన్ నుంచి స్టేడియం నడిచి వెళ్లే దూరమే. రంగులు పసుపు, నీలం. పామ్ చెట్లు ఎదురుగా కనిపించే వైపు టికెట్ తీసుకోండి.

ఆ తర్వాత మారినర్స్ ఏమయ్యారు?

నిస్బెట్ స్కాట్లాండ్‌లోని రాస్ కౌంటీకి వెళ్లిపోయాడు, వుకోవిచ్ రిటైర్ అయ్యాడు, మరికొందరు అమ్ముడుపోయారు. 2024–25లో ఆక్లాండ్ జట్టు పదమూడోదిగా లీగ్‌లోకి వచ్చి, మొదటి ఏడాదే ప్రీమియర్స్ ప్లేట్ పట్టుకుపోయింది. మారినర్స్ మొదటి ఆరులోకి కూడా రాలేదు. గాస్‌ఫర్డ్‌లో అకాడమీ పిల్లలు మళ్లీ మొదటి జట్టులోకి వస్తున్నారు.